కాశీం డబ్బాలో నీలిపురుగులు

దగ్గరికి జరగండి నాయనా. ఆ గోడకు ఆనుకున్న తల్లులు కూడా ముందుకు రండి. అల్లా అని పిలిచినా, స్వామీ అని పిలిచినా పలికే ఆ పైవాణ్ణి ఒక్కసారి తలుచుకుని వినండి.

కొండమీద ఒక చిన్న దర్గా. అక్కడ లాలప్ప తాత అని ఒక ఫకీరు ఉండేవాడు. ఆయనకు ఉబ్బసం. నాలుగు మాటలు మాట్లాడితే ఊపిరి అందేది కాదు. శిష్యుడు కాశీం మేకమేయని ఆకు కోసుకొచ్చి నమిలిస్తే కాస్త తెరిపి. మేకలు కూడా మూతి పెట్టవు కాబట్టే దానికి ఆ పేరు.

ఆ తీగ ఒకప్పుడు కొండంతా అల్లుకుని ఉండేది. ఆ ఏడు వెతగ్గా వెతగ్గా దర్గా వెనక బండసందులో ఒక్కటే మిగిలింది. దానిమీదా పురుగులు వాలాయి. నెమలి మెడలా మెరిసే నీలి పెంకుపురుగులు. ఆ కొండ దాటితే ఇంకెక్కడా కనిపించవు. ఆకును జల్లెడ చేసేస్తున్నాయి.

కాశీం అది చూశాడు. తీగ పోతే తాత పోతాడు! ఒక్కో పురుగునూ ఏరి, చిల్లులు పొడిచిన డబ్బాలో వేసి మూత పెట్టాడు. పాపం, చంపే మనిషి కాదు. మునగాకు, తోటకూర, చింతచిగురు కూడా లోపల వేశాడు. కొన్నాళ్ళకు ఆ డబ్బా తాత దగ్గరికి తెచ్చాడు.

“కొండంతా మేసిన దొంగలు తాతా ఇవి! కిందికి దింపి దూరంగా వదిలొస్తా. నువ్వు సరే అను చాలు.”

“మూత తియ్‌రా, చూద్దాం.”

తీశాడు. ఆకులు వేసినవి వేసినట్టే వాడిపోయి ఉన్నాయి. ఒక్క అంచయినా కొరికి లేదు. వాటిమీద పురుగులు కాళ్ళు పైకెత్తి పడి ఉన్నాయి. కదిలేవి ఏ కొన్నో.

కాశీం డబ్బామీదికి వంగాడు. “తిండి పెట్టినానే తాతా... ఇంత తిండి పెట్టినానే!”

తాత డబ్బా అందుకున్నాడు. గోడ పట్టుకుని, ఈల వేస్తున్న ఊపిరితో దర్గా వెనక్కి నడిచాడు. బతికున్న పురుగుల్ని అరచేతిలోకి ఒంపుకుని ఆ ఒక్క తీగమీద వదిలాడు.

“తాతా!” కాశీం కేక కొండంతా మోగింది. “ఏం పని తాతా ఇది? అది నీ ఊపిరి!”

తాత బండమీద కూలబడ్డాడు. దగ్గు ఆగాక అడిగాడు.

“కొండను ఖాళీ చేసింది ఈ పురుగులేనా? గురువారం గురువారం దర్గాకు వచ్చినోళ్ళకు ఈ ఆకు ప్రసాదమని గుప్పెళ్ళు గుప్పెళ్ళు పంచితివే. వాళ్ళల్లో ఉబ్బసమున్నోళ్ళు ఎంతమందిరా?”

ఎవర్నీ ఖాళీ చేతుల్తో పంపననేది కాశీంకు పెద్ద గొప్ప. శుక్రవారం పొద్దున మెట్లమీద ఎండి పడున్న ఆకుల్ని ఊడ్చి ఎత్తిపోసేదీ వాడే.

కాశీం వచ్చి తాత పక్కన కూర్చున్నాడు. “మరి నీ సంగతి తాతా?”

“నాకు దేవుడు మిరియాలిచ్చినాడు, శొంఠి ఇచ్చినాడు, నీళ్ళు కాచిచ్చే నిన్నిచ్చినాడు. ఆ పురుగుకు ఈ ఆకొక్కటే ఇచ్చినాడు.”

కాశీం లేచి నీళ్ళు కాచడానికి పోయాడు.

ఊపిరందని ముసలాయన గోడ పట్టుకుని నడిచిన ఆ నడక గుర్తుంచుకోండి తల్లీ. మీకు కావలసిందే ఇంకో ప్రాణికి ఉన్న ఒకే ఒక్క తిండి అయ్యే రోజు మీకూ ఒకటి వస్తుంది. ఆ రోజు మీరూ నడవండి.