గుమ్మడికాయంత లడ్డు

పూర్వం ఒక పట్టణంలో రాజుగారికి మిఠాయిలు చేసే గవరయ్య అంగడి మూయబోతుండగా, గాజులమ్మే పోలమ్మ వచ్చింది. ఎల్లుండి ఆమె మనవరాలి పెళ్ళి. పెళ్ళివారి ముందు పెట్టడానికి అంగట్లో ఉన్న గుమ్మడికాయంత లడ్డును బేరమాడింది.

“పది వరహాలు,” అన్నాడు గవరయ్య.

“మూడే ఉన్నాయి బాబూ.”

“పోవే! ఇది ఈ పొద్దున చేసిన లడ్డు. నిన్నటి సరుకైతే నేను అమ్మనే అమ్మను, పారబోస్తాను!” అని వీధంతా వినేలా అరిచాడు.

పోలమ్మ అరుగు మీద చతికిలబడింది.

“ఇంకా ఏం కావాలే?”

“తెల్లారితే ఇదీ నిన్నటిదే కదా బాబూ. తమరు పారబోసేదాకా కూర్చుంటాను.”

ఆ అరుపుకి వీధిలో ఆగినవాళ్ళంతా గవరయ్య ముఖం చూశారు. అన్న మాట వెనక్కి తీసుకోలేక, “సరే, ఆ మూడూ ఇచ్చి పట్టుకుపో,” అని గొణిగాడు.

“రేపైతే ఊరికే వచ్చేది. పెద్దవారు అడిగారు కాబట్టి రెండిస్తాను,” అంటూ పోలమ్మ లడ్డు నెత్తికెత్తుకుంది.