తిప్పమ్మ వంతు

అనగా అనగా, మన కొండలకు ఇంకా ఎవరూ పేర్లు పెట్టని కాలంలో, ఒక కనుమ కింద మూడు ఊళ్లుండేవి. పైనున్నది ఎగువూరు, కిందున్నది దిగువూరు, నడుమనున్నది నడిమూరు. పేర్లు పెట్టడంలో మన పెద్దలు మరీ అంత కష్టపడలేదు.

కనుమ మీద ఒక అంబలి సత్రం. దాన్ని నడిపేది సుంకులవ్వ. దారిన పోయేవాళ్లను నీది ఏ ఊరు, నీది ఏ కులం అని అడక్కుండా మోదుగాకు దొప్పలో అంబలి పోసేది. నడిమూరి తిప్పమ్మ రోజూ కంప కొట్టి, మోపు నెత్తిన పెట్టుకుని, ఆ కనుమ ఎక్కి అవతలి సంతలో అమ్ముకునేది. మొగుడు పోయాడు, చెక్క పొలం లేదు. ఆ దొప్పెడు అంబలే ఆమెకు మధ్యాహ్నం కూడు.

అలాంటిది, వాన మొహం చాటేసింది. ఒక ఏడు కురవలేదు. రెండో ఏడూ కురవలేదు. మూడో ఏడు మబ్బు కూడా పట్టలేదు. సత్రంలో గింజలు అడుగంటాయి.

సుంకులవ్వ ఆ సీమ పాళెగాడి దగ్గరికి పోయి దండం పెట్టింది.

"సామీ, మూడు బండ్ల జొన్నలుంటే వానల దాకా పొయ్యి ఆరదు. రెండు బండ్లంటే మాత్రం సాలవు."

పాళెగాడు మంచివాడే గానీ వేడుక మనిషి. ధర్మం చేసినా దానికి డప్పు మోగాల్సిందే. మూడూళ్లలోనూ జోడు పందెం చాటించాడు. ఊరికి ఇద్దరు మనుషులు, ఒక గుర్రం. వాగు దగ్గర మొదలు, కనుమ మీద సత్రం దగ్గర ముగింపు. దారిలో మూడు కట్టురాళ్లు. మొదటి మనిషి గుర్రమెక్కి రాయి దాకా పోయి, దాన్ని అక్కడ కట్టేసి, ముందుకు పరుగెత్తాలి. వెనక పరుగెత్తుకొచ్చిన మనిషి దాన్ని విప్పుకుని, తర్వాతి రాయి దాకా ఎక్కిపోయి, అక్కడ కట్టేయాలి. ఒకరు ఎక్కితే ఒకరు పరుగు, ఒకరు దిగితే ఒకరు సవారి. పొద్దు గుంకేలోపు ఏ ఊరి ఇద్దరూ గుర్రంతో సహా చేరితే, ఆ ఊరి పేరున సత్రానికి ఒక బండి జొన్నలు. అందరికన్నా ముందు చేరిన జోడుకు వెండి కడియం.

ఎగువూరికి యుద్ధాలు చూసిన గుర్రముంది. దిగువూరికి పెళ్లి ఊరేగింపుల గుర్రముంది. నడిమూరికి ఉన్నదల్లా కోనప్ప దగ్గర ఉప్పు మూటలు మోసే తట్టువ, పొట్టి గుర్రం. పేరు బూడిద. దాని పక్కన నిలబడటానికి కోనప్ప తప్ప ఊళ్లో ఒక్క మగాడూ ఒప్పుకోలేదు. నవ్వుతారన్నారు.

"నవ్వితే నవ్వనీ," అంది తిప్పమ్మ. కోనప్పకు ఆమె సొంత వదిన. "వాళ్లు నవ్వితే జొన్నలేమన్నా తగ్గుతాయా? పద, మరిదీ."

చీర గోచి బిగించి వాగు దగ్గర నిలబడింది. మూడూళ్లూ నవ్వాయి. దాని గురించి ఇంతకన్నా చెప్పను, ఆ నవ్వినవాళ్ల మనవలు మన మధ్యే ఉన్నారు.

డప్పు మోగింది. కోనప్ప బూడిదనెక్కి పోయాడు, తిప్పమ్మ పరుగెత్తింది. మొదటి రాయి దగ్గర ఆమె ఎక్కింది, అతను పరుగెత్తాడు. ఒకరు ఎక్కితే ఒకరు పరుగు, ఒకరు దిగితే ఒకరు సవారి. రెండో రాయి దగ్గర తట్టువను కట్టేసి, మెడ నిమిరి, తిప్పమ్మ మళ్లీ పరుగందుకుంది.

కాస్త దూరం పోయేసరికి దారికడ్డంగా ఒక మనిషి పడి ఉన్నాడు. దిగువూరి ఈరన్న. భారీ మనిషి. కాళ్లు పట్టేసి లేవలేకపోతున్నాడు.

"ఏందన్నా ఇది? నీ గుర్రమేదీ?"

"మా అల్లుడు రెండో రాయి కాడ కట్టేస్తానన్యాడు తల్లీ. కట్టలా. ఎక్కినోడు ఎక్కినట్టే పాయె!"

జరిగిందేమిటంటే, అల్లుడి కళ్ల ముందు ఎగువూరి గుర్రం తోక ఆడుతూ ఉంది. దాన్ని అందుకోవాలన్న యావలో రెండో రాయి దాటేశాడు. మూడో రాయి దగ్గరికి పోయాక గానీ తనకు ఒక మామ ఉన్నాడని గుర్తు రాలేదు. అల్లుడికి మామ గుర్తొచ్చేది పండక్కే కదా! అక్కడ గుర్రాన్ని కట్టేసి, సిగ్గుపడుతూ కొండెక్కాడు.

ఇంతలో వెనక నుంచి బూడిద మీద కోనప్ప వచ్చాడు. తిప్పమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"దిగు మరిదీ. ఈయప్పను ఎక్కిద్దాం."

"వదినా, కడియం!"

"కడియం అంబలి కాస్తాదా? ఈయప్ప చేరకపోతే ఒక బండి పాయె. రెండు బండ్లు సాలవని అవ్వ సెప్పలా?"

"మరి మనం చేరకపోతే? అదీ ఒక బండే గదా!"

మరిది అన్నదాంట్లో తప్పు లేదు. కానీ కింద పడినవాణ్ని దాటిపోవడానికి తిప్పమ్మకు కాలు రాలేదు. "సేరదాం లే," అంది.

ఇద్దరూ కలిసి ఈరన్నను ఉప్పు మూటను ఎత్తినట్టు ఎత్తి బూడిద మీద వేశారు.

"మూడో రాయి కాడ దీన్ని కట్టేసి, మీ అల్లుడు ఆడన్నా కట్టేసుంటాడు, నీ గుర్రమెక్కిపో అన్నా. కట్టేసేది మాత్రం మరిచిపోవాకు, మీ ఇంటికి ఆ అలవాటుంది," అంది తిప్పమ్మ. అంత నొప్పిలోనూ ఈరన్న నవ్వాడు.

వదినా మరుదులు ఇద్దరూ పరుగెత్తారు. మూడో రాయి కనబడుతుండగా కోనప్ప పాదంలో తుమ్మముల్లు విరిగింది. ముల్లు సగం లోపలే ఉండిపోయింది. బూడిద రాయి దగ్గర బుద్ధిగా నిలబడి ఉంది. వంతు ప్రకారం ఇప్పుడు ఎక్కాల్సింది తిప్పమ్మ.

"నువ్వెక్కు," అంది.

"నీ వంతు వదినా!"

"నీ వంతు ఇప్పించేసింది నేనే గదా. నా వంతు నువ్వు తీసుకో."

"పోనీ, ఇద్దరం ఎక్కుదాం."

"ఎక్కితే బూడిద ఈడే కూలబడతాది. పో!" అని తట్టువ వీపు మీద ఒక్కటి చరిచింది.

ఇక మిగిలింది కనుమ ఎక్కుడు. పొద్దు పడమటి కొండ మీద కూర్చుంది. తిప్పమ్మకు ఊపిరి అందడం లేదు, డొక్కలో పోటు. 'రోజూ మోపుతో ఎక్కే గట్టే గదా, ఈ పొద్దు మోపు లేదు' అనుకుంది. ఇంకాస్త ఎక్కింది. 'ఈ పొద్దు మోపు లేదు' అనుకుంది. మోకాళ్ల మీద చేతులు ఆనించింది. 'మోపు లేదు, మోపు లేదు' అనుకుంటూనే ఎక్కింది.

పైన ఎగువూరి జోడు ఎప్పుడో చేరింది. కడియం వాళ్లదే. వాళ్ల పేర్లు నన్ను అడక్కండి, నాకు కథ చెప్పిన మా జేజికే తెలియదు. దిగువూరి మామా అల్లుళ్లు చేరారు. బూడిదతో కోనప్ప చేరాడు. మూడూళ్ల జనం నవ్వు మరిచి దారికేసి చూస్తున్నారు. అందరికన్నా గట్టిగా, గొంతు చించుకుని, "అత్తా, రా! అత్తా, రా!" అని అరుస్తున్నది దిగువూరి అల్లుడే.

కొండ మీద పొద్దు గోరంత మిగిలి ఉండగా తిప్పమ్మ వచ్చి సత్రం గోడ తాకింది.

మూడు బండ్లు!

డప్పు చేతిలో ఉన్నవాడు కొట్టడం మరిచిపోయి ఏడ్చాడు. సుంకులవ్వ కొత్త కుండ దించి, పాళెగాణ్ని దాటి, కడియం గెలిచినవాళ్లను దాటి, మొదటి దొప్ప తెచ్చి తిప్పమ్మ చేతిలో పెట్టింది. పాళెగాడు కూడా ముచ్చటపడి, "ఏం కావాలో కోరుకో తల్లీ," అన్నాడు.

తిప్పమ్మ దొప్ప ఖాళీ చేసి మూతి తుడుచుకుంది. "ఇంకో దొప్ప, సామీ," అంది.

ఆ జొన్నలతో సత్రం పొయ్యి వానల దాకా ఆరలేదు. తిప్పమ్మ చాలా ఏళ్లు మోపులు అమ్ముకుంటూ, ఎవరికీ లోకువ కాకుండా బతికింది. ఒక మంచి పంటల ఏడు నిద్రలోనే పోయింది. పాడె మేం మోస్తామంటే మేం మోస్తామని మూడూళ్లూ తగువు పడ్డాయి. చివరికి ముసలి కోనప్ప కర్ర తాటించి, వంతులేసుకోండిరా అన్నాడు. ఒక్కో కట్టురాయి దగ్గర ఒక్కో ఊరు భుజం మార్చుకుంటూ మూడూళ్లూ ఆమెను సాగనంపాయి.

ఇప్పుడా దారిలో గుర్రాలు లేవు. ఆటోలు, ట్రాక్టర్లు పోతుంటాయి. అయినా ఆ సీమలో బంతి భోజనాలకు ఆఖరున వచ్చినవాళ్లకే మొదటి ముద్ద పెడతారు. ఆ కనుమ ఎక్కేటప్పుడు బండి ఉన్నవాడు, నడిచేవాణ్ని చూసి బండి ఆపకుండా పోడు. "తిప్పమ్మ వంతు, ఎక్కు," అంటాడు. ఎక్కినవాడు బాడుగ ఇవ్వడు, ఇచ్చినా తీసుకోరు. తనకు బండి ఉన్న రోజున తనూ ఒకణ్ని ఎక్కించుకుంటాడు, అంతే.

కథ కంచికి పోవాలన్నా ఆ కనుమ మీదుగానే పోవాలి. నడిచే పోతుందేమోనని దిగులు పడకండి. ఈపాటికి దాన్నీ ఎవరో ఒకరు ఎక్కించుకునే ఉంటారు.