ఖాళీ చేసిన గదులు

ప్రొఫెసర్ హైమవతి గారు తన ల్యాబులో శిష్యులు అడిగినదానికి సూటిగా జవాబిచ్చిన పాపాన ఎప్పుడూ పోలేదు. "ముందు చేతిలో పని కానివ్వు నాయనా" అంటారు, అంతే. అందుకే ప్రభుదాసు ఆవిడని ఏదీ అడిగేవాడు కాడు. కానీ తమ్ముడు రాజరత్నం కాలవలో పడి చనిపోయాక అతనికి ల్యాబులో కాలు నిలవలేదు, ఇంట్లో ముద్ద దిగలేదు. చివరికి తెగించి అడిగేశాడు.

"మేడమ్, మనిషిని మర్చిపోవడం ఎలా? 'అన్నా, ఎప్పుడొస్తావ్' అని వాడు పంపిన మాటలు ఫోన్లో ఉన్నాయి. వినకుండా ఉండలేను, వింటే బతకలేను. తీసేస్తే ఖాళీ అవుతానా?"

"ఆ పొడి ఖాళీ చేసుకురా, మాట్లాడదాం" అన్నారావిడ.

ఆ పొడి మామూలుది కాదు. రేణువు రేణువులోనూ కంటికి ఆనని గదులు. వాటిలోకి గ్యాసు ఎలా దూరి ఎలా నిలుస్తుందో కనిపెట్టడమే వాళ్ళ చదువు. పొడి తయారయ్యేటప్పుడు గదుల నిండా ద్రావకం ఉండిపోతుంది. దాని బదులు తేలిగ్గా ఆవిరయ్యే ద్రావకం కొంచెం కొంచెంగా ఎక్కించి, ఆ తర్వాత సన్నసెగన సాగనంపాలి. ప్రభుదాసుకి ఇదంతా కొట్టిన పిండే. ఆ రోజు ఓపిక ఎక్కడిది? పొడిని గొట్టంలో పోసి, గాలంతా లాగేసి, సెగ ఒక్కసారిగా పెంచేశాడు. పీడ విరగడవుతుందనుకున్నాడు.

ద్రావకం పోయింది. తీరా గ్యాసు వదిలితే రవ్వంత కూడా లోపలికి పోలేదు. లోపలి అమరికను తెర మీద గీతలుగా చూపే ఎన్‌ఎంఆర్ యంత్రంలో పెట్టి చూస్తే, నిటారుగా లేవాల్సిన గీతలన్నీ కలిసిపోయి ఒక్క దిబ్బలా పడున్నాయి. నెలల తరబడి చేసిన పొడి, మళ్ళీ చేద్దామన్నా సరుకు లేదు. అయ్యో దేవుడా అని అక్కడే కూలబడ్డాడు.

హైమవతి గారు వచ్చి తెర వంక చూశారు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"గదులన్నీ కూలిపోయాయి మేడమ్. లోపలున్నది తీసెయ్యడమేగా నేను చేసింది!"

"గోడల్ని నిలబెట్టింది అదే నాయనా" అన్నారావిడ. అంతలోనే ఏదో తట్టి ఆవిడ మొహం మారింది. "తమ్ముడి మాటలు... ఉంచావా?"

ప్రభుదాసు తల ఎత్తలేదు. "సెగ పెంచి కూర్చున్నాక, ఆ ఊపులోనే... అన్నీ తుడిచేశాను మేడమ్" అని బావురుమన్నాడు.

 ఆవిడ ఆ పొడి ఉన్న చల్లారిన గొట్టం తీసి అతని చేతిలో పెట్టి, వేళ్ళు మూశారు.

"ఇదైనా పారెయ్యకు" అన్నారు.