పెడల్ మీద అరచెయ్యి

విశాఖలో మర్రిపాలెం దగ్గర సత్తార్ ఉస్తాద్ షెడ్డుకి పాత కార్లే వస్తాయి. ధనుంజయ అక్కడే పని నేర్చుకున్నాడు. చెయ్యి తిరిగినవాడే. కాకపోతే ఆ సంగతి అందరికంటే ముందు తనకే తెలుసు.

ఒకసారి హైమావతి టీచర్ గారి అంబాసిడర్ వచ్చింది. భర్త పోయాక ఏళ్ల తరబడి మూలపడిన బండిని ఆవిడ తనే నడుపుకోవాలనుకుంది. ఇల్లేమో కొండవాలులో ఉంది. ముందు చక్రాలకి పాత డ్రమ్ము బ్రేకులు తీసేసి డిస్క్ బ్రేకులు వేయమంది. ఏవి వేయాలో తేల్చే పని ఉస్తాద్ శిష్యుడికే వదిలేశాడు.

వాడు దొరికినవాటిలోకెల్లా పెద్ద డిస్కులు తెప్పించాడు. డ్రమ్ముల కంటే డిస్కులకి పెడల్ గట్టిగా తొక్కాలి. బూస్టర్ పెడితే కాలికి ఆ భారం తగ్గుతుంది. కానీ ఆ నల్లటి డబ్బా బానెట్ కింద అందం చెడగొడుతుందని మానేశాడు. ఊళ్లో పాత కార్ల సరదా ఉన్నవాళ్లని పిలిచి, వాళ్ల ముందు బండిని రయ్యిన పోనిచ్చి, గీసిన గీత మీద ఆపాడు. అందరూ మెచ్చుకున్నారు.

ఉస్తాద్ మర్నాడు టీచర్ గారికి కబురు పెట్టాడు.

ఆవిడ ఆటో దిగి, కుడికాలు కాస్త ఈడ్చుకుంటూ వచ్చింది. బండి పనికి ఇచ్చిన రోజు కూడా అలాగే వచ్చింది. ఆ రోజు చెయ్యి పట్టుకుని షెడ్డు మెట్టెక్కించింది ధనుంజయే.

ఉస్తాద్ బండిని షెడ్డు ముందు వాలులో నిలబెట్టించాడు. చక్రాలకి జానెడు ముందు చెక్కలు అడ్డం వేసి, ఆవిణ్ణి కూర్చోబెట్టి, హ్యాండ్‌బ్రేకు వదిలి కాలిబ్రేకు మీదే ఆపమన్నాడు. ఆవిడ తొక్కింది. బండి మెల్లగా జారింది. రెండో కాలు కూడా వేసింది. అయినా బండి వెళ్లి చెక్కలకి ఆనుకుంది.

ఆవిడ ధనుంజయ వైపు చూసి నొచ్చుకుంది. “ఏమనుకోకు నాయనా. నువ్వు బాగానే చేశావు. నా కాల్లోనే సత్తువ లేదు.”

నిన్న మెచ్చుకున్నవాళ్లెవరూ అక్కడ లేరు. అయినా వాడికి ముఖం ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

ఉస్తాద్ తిట్టలేదు. తలుపు పక్కన గొంతుక్కూర్చుని, పెడల్ మీద తన అరచెయ్యి పెట్టి, దాని మీద తొక్కమన్నాడు. పెద్దాయన చేతి మీద కాలు పెట్టడమేమిటని ఆవిడ ఇబ్బంది పడింది. ఆయన బతిమాలితే చెప్పు విడిచి తొక్కింది. కాసేపుంచి ఆయన చెయ్యి తీసుకున్నాడు.

“నువ్వు పెట్టు,” అన్నాడు శిష్యుడితో.

ధనుంజయ వంగి చెయ్యి పెట్టాడు. ఆవిడ ఊపిరి బిగబట్టి, ఉన్న బలమంతా కూడదీసి తొక్కింది. ఎముకలు తేలిన ఆ పాదం బరువు వాడికి తెలిసీ తెలియనట్టుంది. వణుకు మాత్రం తెలిసింది.

“నొప్పెడుతోందా బాబూ?” అని అడిగింది ఆవిడ.

వాడు తల అడ్డంగా ఊపాడు.

“ఏ బ్రేకులు వేయాలో ఇప్పుడు ఎంచుకో,” అన్నాడు ఉస్తాద్.