కొండముచ్చు అవ్వ కట్టిన కేక

అనగనగా ఒక అడవి. ఎండాకాలం వచ్చిందంటే అడవి మొత్తానికి ఒక్కటే వాగు. ఆ సంగతి చిరుతపులికి కూడా బాగా తెలుసు.

ఆపద వస్తే నీళ్లకొచ్చిన జంతువుల్లో ఒక్కొక్కరు ఒక్కోలా అరిచేవారు. అంతా గందరగోళం. అందుకని అందరికీ కలిపి ఒకే కేక తయారుచేయమని, చిటారుకొమ్మన కాపలా కాసే కొండముచ్చు అవ్వని అడిగారు.

"అలాగే. ఎలా ఉండాలో చెప్పండి," అంది అవ్వ.

"ఏం వస్తోందో, ఎటునుంచో, ఎంత దూరమో అన్నీ తెలియాలి," అన్నాడు ఎలుగుబంటి భల్లన్న.

"కాస్త రాగం ఉండాలి. మోటుగా అరిస్తే ఏం బావుంటుంది?" అంది నెమలి.

"పేరు పెట్టి పిలువు అవ్వా. నా కూనని మరిచిపోకు," అంది దుప్పి చుక్కమ్మ.

అవ్వకి మొహమాటం ఎక్కువ. అన్నిటికీ తలూపేసింది. చేసిన తప్పల్లా అదే.

మర్నాడే వాగు దగ్గరికి చిరుత వచ్చింది. అవ్వ రాగం అందుకుంది. "ఓ చుక్కమ్మా, ఓ చుక్కమ్మ కూనా, ఓ భల్లన్నా..." పేర్లు ఇంకా అవనేలేదు, చిరుత దూకేసింది. కూన చెవి చీలిపోయింది. ఎలాగో ప్రాణం దక్కింది.

అవ్వ వెక్కి వెక్కి ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుని అందరినీ పిలిచింది.

"ఇకమీదట కేక ఒక్కటే ముక్క. 'ఖక్!' వినగానే గట్టెక్కండి."

"ఏమొచ్చిందో తెలియకుండానా?" అన్నాడు భల్లన్న.

"తెలియకుండానే. ఒక్కోసారి ఊరికే పరిగెత్తుతారు. నన్ను తిట్టుకోండి, ఫరవాలేదు. వివరాలు గట్టెక్కాక తీరిగ్గా చెబుతాను."

"మరి రాగం?" అంది నెమలి.

"అదీ అప్పుడే."

నెమలి మూతి ముడుచుకుంది.

మొదటిరోజు "ఖక్!" అందరూ పరిగెత్తారు. తీరాచూస్తే ఎండుకొమ్మ విరిగిందంతే. రెండోరోజు "ఖక్!" ఈసారి అడవిపంది.

"గొంతైనా తడవనివ్వవా అవ్వా?" అని గొణిగాడు భల్లన్న.

"నీళ్లు మళ్లీ తాగొచ్చు నాయనా," అంది అవ్వ.

మూడోరోజు "ఖక్!" భల్లన్న విసుక్కుంటూనే పరిగెత్తాడు. వెనక దబ్బున చప్పుడైంది. చిరుత కాళ్ల కింద నీళ్లు తప్ప ఏమీ లేవు. గట్టుమీద అందరికంటే ముందు నిలబడింది చీలిన చెవి కూన. చుక్కమ్మ దాన్ని నాకుతూ కన్నీళ్లు పెట్టుకుంది.

చిరుత తోక ఈడ్చుకుంటూ వెళ్లిపోయాక భల్లన్న తల పైకెత్తాడు.

"అవ్వా, ఇప్పుడు చెప్పు. ఏమొచ్చింది?"

అవ్వ గొంతు సవరించుకుంది. "ఓ చుక్కమ్మా, ఓ చుక్కమ్మ కూనా, ఓ భల్లన్నా, చిరుతొచ్చిందీ, తూర్పు పొదల నుంచీ, ఇరవై అంగల దూరానా!" అని రాగం తీసి మరీ చెప్పింది. అందరికంటే గట్టిగా నవ్వింది నెమలే.

నీతి: అన్నీ ఒకేసారి కావాలంటే అసలైనదే చేజారుతుంది. ముందు ఏది ముఖ్యమో తేల్చుకోవాలి, దానికోసం ఏం వదులుకుంటున్నామో ధైర్యంగా చెప్పాలి.