తెరిచి పంపిన తాళాలు

ఆ కోటలో ఆడవాళ్ళు రాసే ప్రతి ఉత్తరాన్నీ వాకిటి కాపలాదారు విప్పి చదివేవాడు. వాళ్ళ క్షేమం కోసమేనట. నచ్చనిది దొరికితే సంతలో నిలబడి పైకి చదివేవాడు.

తొమ్మిది పేటల ఆడవాళ్ళు నేతశాలల్లో పనిచేసేవారు. వాళ్ళు లోపలికి వెళ్ళగానే యజమాని బయట గడియ పెట్టించేవాడు. గడియ తీసేదాకా మగ్గాలు ఆపుదామని కిందటేడు ఒకామె ఉత్తరం రాసింది. అది సంతకెక్కింది. ఆమెను కోట బయటికి గెంటారు.

ఈ ఏడు అదే మాట రాయడానికి ఆమె చెల్లెలు కూర్చుంది. రాసే ముందు, మిగతా ఎనిమిది పేటల నుంచీ తాళాలు తెప్పించింది. తెరిచిన తాళం పంపాలి, తాళంచెవి ఎవరిది వాళ్ళే దాచుకోవాలి. నొక్కి వేయడం ఎవరికైనా చేతనవుతుంది. తీయడం చెవి దాచుకున్న ఆ ఒక్కామెకే.

కాపలాదారు విరగబడి నవ్వాడు. "చెవి లేని తాళాలు పోగేస్తున్నావా? ఏం తెలివమ్మా!"

"మీ అంత ఎక్కడిదన్నా," అంది.

అంతకుముందు జాతరలో కలిసినప్పుడే ఆ ఆడవాళ్ళు ఎవరి తాళం మీద ఎన్ని గాట్లుంటాయో చెవిలో చెప్పుకున్నారు. లెక్క సరిపోయాకే ఆమె ఒక్కో తాళాన్నీ నడుముకు కట్టుకున్న ఇనప్పెట్టెలో వేసింది. ఏడు సరిపోయాయి. సంతపేటలో ఉప్పు అమ్మే ఆమె పేరుతో వచ్చినదానికి పదకొండు గాట్లుండాలి. తొమ్మిదే ఉన్నాయి.

"ఆమె నా చేతికే ఇచ్చింది తల్లీ, ఒట్టు," అన్నాడు కాపలాదారు, అడక్కముందే.

ఆ తాళం పెట్టెలోకి పోలేదు. కొంగున ముడేసుకుంది.

ఏడు తాళాలతో ఏడు ఉత్తరాల డబ్బాలు వాకిలి దాటాయి. కాపలాదారు మేకులతో పొడిచాడు, రాళ్ళతో కొట్టాడు. ఒక్కటీ నోరు తెరవలేదు. సంతంతా నవ్వింది.

మగ్గాలు ఆపాలనుకున్న రోజు పొద్దున్నే ఎనిమిదో డబ్బా వచ్చింది. కాపలాదారు చూస్తే, దానికి తాను మార్చి ఇచ్చిన తన తాళమే! పరువు నిలబెట్టుకోవాలని సంత నడుమ బల్లెక్కి, తన చెవితో తీసి, గొంతెత్తి చదివాడు.

"ఎనిమిది పేటల్లో మగ్గాలు ఆగాయి. సంతపేట ఒక్కటే మిగిలింది. ఈ కబురు చేరవేసినందుకు అన్నకు..."

అతను చదవడం ఆపి కాగితం మడవబోయాడు.

ఉప్పు అమ్మే ఆమె గంప దించి లేచింది. "గట్టిగా చదువు బాబూ! నేతశాల లోపలున్న వాళ్ళకి వినపడొద్దూ?"

అప్పటికే లోపల మగ్గాలు ఒక్కొక్కటే ఆగుతున్నాయి.