నూకాలు చేతులు

అనగా అనగా అనడానికి మరీ పాతది కాదు, అలాగని నిన్నమొన్నటిదీ కాదు. కంప్యూటరున్న గదిలోకి జనం చెప్పులు విడిచి అడుగుపెట్టే రోజుల్లో, సముద్రం ఒడ్డున ఒక ఊళ్ళో చిన్న గ్రంథాలయం ఉండేది. అందులో తుడిచే మనిషి పేరు నూకాలు.

ఆ గ్రంథాలయానికి ఒక కంప్యూటర్ వచ్చింది. ఊరందరి కోసమూ వచ్చింది. కానీ పుస్తకాలు చూసుకునే సన్యాసిరావు గారు భయస్తులు. దానికి దుప్పటి కప్పి, చుట్టూ తుడవమనీ, దాన్ని మాత్రం తాకొద్దనీ నూకాలుతో చెప్పారు.

నూకాలు తాకలేదు. చూసింది. ఒక ఏడు చూసింది, రెండేళ్ళు చూసింది, మూడేళ్ళు చూసింది. ఆయన ఏ మీట నొక్కితే ఏమవుతుందో చీపురు పట్టుకునే నేర్చేసుకుంది. చూడ్డాన్ని ఎవరూ వద్దనలేదు కదా.

ఒకనాడు చేపలమ్మే దాలమ్మ గుమ్మం బయట గంప దించి రొప్పుతూ వచ్చింది. మొగుడు పోయాడు, ఇద్దరు పిల్లలు. అంగన్‌వాడీలో ఆయా పని ఖాళీ ఉందట, ఏడో తరగతి చాలట. అయితే దరఖాస్తు కంప్యూటర్లోనే పంపాలి, అదీ ఆ సాయంత్రం ఐదింటిలోగా. పట్నం బస్సు వెళ్ళిపోయింది. సన్యాసిరావు గారు మీటింగుకి పోయారు.

"నువ్వే నొక్కీయే అప్పా," అంది దాలమ్మ, సొంత అక్కని బతిమాలినట్టు.

నూకాలు చేతులు వెనక్కి కట్టుకుంది. "నన్ను తాకొద్దన్నారు. నిన్ను అనలేదు. ముందు బల్ల మీది ఆ వచ్చినవాళ్ళ రిజిస్టర్లో సంతకం పెట్టు."

"నా చేతులు చేపల కంపే."

"సబ్బుంది. కడుక్కో."

దాలమ్మ చేతులు కడుక్కుని, సంతకం పెట్టి, దుప్పటి తీసి కూర్చుంది. నూకాలు చేతులు వెనక్కి కట్టుకుంది, నోటితో చెప్పింది.

మొదటిసారి దాలమ్మ వేలు బిగబట్టి నొక్కేసరికి ఒకే అక్షరం తెర నిండా బారులు తీరింది. చెరిపారు. రెండోసారి సగంలో కరెంటు పోయింది. అది వచ్చేసరికి నాలుగున్నర.

"రెండు నిమిషాల పని. నీ మాట పట్టింపుకి నా పిల్లల కూడు పోతోందే," అని దాలమ్మ ఏడ్చింది.

నూకాలు చేతులు ముందుకొచ్చాయి. మళ్ళీ వెనక్కి పోయాయి. "ఇందాక చేసిందంతా నీ వేళ్ళకి తెలుసు. మళ్ళీ చెయ్యి."

మూడోసారి దాలమ్మ అడగకుండానే సగం చేసేసింది. ఐదుకి ఐదు నిమిషాలుందనగా, దరఖాస్తు అందిందని తెర మీద పడింది.

అప్పుడే సన్యాసిరావు గారు వచ్చారు. తీసిన దుప్పటి చూశారు. నువ్వు తాకావా అని నూకాలుని అడిగారు.

"అప్ప తాకలేదు బాబూ. నేనే తాకాను," అంది దాలమ్మ.

ఆయన ఆ రిజిస్టర్లో దాలమ్మ సంతకం చూశారు. దుప్పటి మడిచి బీరువాలో పెట్టేశారు. ఇకనుంచి నువ్వూ తాకొచ్చు నూకాలూ అన్నారు.

"వద్దు బాబూ. నా చెయ్యి పడితే నేర్చుకునేవాళ్ళ చెయ్యి ఆగిపోద్ది."

దాలమ్మకి ఆ పని వచ్చింది. ఆమె వెనకే వలలల్లేవాళ్ళు వచ్చారు, ముసలివాళ్ళు వచ్చారు, బడి మానేసినవాళ్ళు వచ్చారు. ఎవరొచ్చినా నూకాలు చేతులు వెనక్కి కట్టుకుంది, నోటితో చెప్పింది. నేర్చుకున్నవాళ్ళు పక్కవాళ్ళకి చెప్పారు. నూకాలు పోయిననాడు గ్రంథాలయం మూశారుగానీ, మర్నాడు ఏ పనీ ఆగలేదు.

ఇప్పటికీ ఆ ఊళ్ళో ఎవరికైనా ఏదైనా నేర్పేటప్పుడు చేతులు వెనక్కి కట్టుకుంటారు. తొందరపడి ఎవరైనా చెయ్యి ముందుకు చాపితే, నేర్చుకునేవాళ్ళే ఆపుతారు: "నూకాలు చేతులు పెట్టు. నేను చేస్తాను."